పట్టభద్రుల యింటి విందు

మన యిండ్లలో శుభకార్యములకు కొదువ లేదు. నామకరణము, అక్షరాభ్యాసము, పెండ్లి, గృహప్రవేశము మొదలగువానిలో నేది వచ్చినను పెద్దలు నడచిన బాట యొకటి యుండును. ఎవరిని పిలువవలెనో, ఏమి వండవలెనో, ఎవరికేమి పెట్టవలెనో ఒకరినొకరు అడుగకయే తెలియును. కాని కుమారుడో కుమార్తెయో కళాశాలలో చదువు ముగించి పట్టము పుచ్చుకొన్నప్పుడు ఇంట చేసెడి విందునకు మాత్రము అట్టి బాట యింకను ఏర్పడలేదు. అందుచేత కొందఱు దానిని పెండ్లివలె జరిపి అప్పుల పాలగుచున్నారు. మఱికొందఱు ఎట్లు చేయవలెనో తెలియక ఏమియు చేయకయే యూరకుందురు. ఈ రెండు దారులకు నడుమ మూడవదారి యొకటి కలదని మా తలంపు. మా పూర్వవిద్యార్థుల తలిదండ్రులు అప్పుడప్పుడు వచ్చి యీ విషయమున మా సలహా నడుగుచుందురు గనుక, వారికి నోట చెప్పెడి మాటలనే యిచ్చట క్రమముగా వ్రాయుచున్నాము. పదవ తరగతియందును ఇంటర్మీడియట్ నందును ఉత్తీర్ణులైన పిల్లల యిండ్లకును ఇందులో చాలభాగము పనికివచ్చును.

మాటలోని యర్థము

విశ్వవిద్యాలయములు పట్టముల నొసగు సభను మనము స్నాతకోత్సవ మనుచున్నాము. స్నాతకుడనగా స్నానము చేసినవాడు. పూర్వకాలమున గురుకులమునందు చదువు ముగించిన శిష్యుడు స్నానముచేసి, గురువునకు దక్షిణ సమర్పించి, ఆయన సెలవు గైకొని యింటికి మరలెడివాడు. ఈ తంతునకు సమావర్తనమని పేరు. తిరిగివచ్చుట యని దాని యర్థము. నేడును పలు తెలుగు కుటుంబములలో పెండ్లికి ముందు వరునికి స్నాతకము జరుపుట ఆ యాచారపు జాడయే. ఆంగ్లములో పట్టభద్రుని గ్రాడ్యుయేట్ అందురు. ఆ మాటకు మూలమైన లాటిను పదమునకు మెట్టు అని యర్థము. ఒక భాషవారు ఇల్లు చేరుటను తలచిరి. మఱియొక భాషవారు మెట్టెక్కుటను తలచిరి. విందు చేయువారు ఈ రెంటిని జ్ఞప్తియందుంచుకొనిన చాలును. బిడ్డ యొక మెట్టెక్కినాడు. ఎక్కి యింటికి వచ్చినాడు.

మన దేశమున ఈనాటి విశ్వవిద్యాలయములు 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఆరంభమయ్యెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడువఱకు కోస్తా జిల్లాల తెలుగు విద్యార్థులకు మద్రాసు విశ్వవిద్యాలయమే పట్టముల నిచ్చెడిది. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. ఆ దినములలో ఒక తాలూకాలో పట్టభద్రులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నేడు ప్రతి వీథిలోను ఒకరిద్దఱుందురు. అయినను ఒక కుటుంబములో మొదటిసారిగా ఒక బిడ్డ పట్టము పుచ్చుకొనునపుడు ఆ యింటికది క్రొత్త సంగతియే. ఊరిలో నెందఱు పట్టభద్రులున్నను ఆ తల్లికి అది మొదటి పట్టము.

కొమార్తెల విషయమున మాట యొకటి చెప్పవలెను. మన దేశమున స్త్రీలలో మొట్టమొదట పట్టమందినవారు చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీ యను నిద్దఱు. వారు 1883లో కలకత్తా విశ్వవిద్యాలయమునుండి బి. ఏ. పట్టమును పొందిరి. నూట నలువదేండ్లు గడచినను, కుమారుడు ఉత్తీర్ణుడైనపుడు వీథియెల్ల పిలిచి, కుమార్తె ఉత్తీర్ణురాలైనపుడు మిఠాయి పంచి యూరకుండు గృహములు ఇంకను కలవు. "దాని పెండ్లికెట్లును ఖర్చు పెట్టవలెను గదా" యని వారి సమాధానము. పెండ్లి వేఱు, చదువు వేఱు. చదువు ఆమె తన కష్టముతో గడించినది. అన్నకు చేసిన విందు చెల్లెలికిని చేయవలెను.

దినము, వేళ

పరీక్షాఫలితములు వెలువడిన తరువాత కళాశాలవారు మొదట ప్రొవిజనల్ సర్టిఫికెట్ నిత్తురు. స్నాతకోత్సవము పలుమాఱు అనేక మాసములు కడచినపిమ్మట జరుగును. అంతవఱకు ఆగినయెడల బిడ్డ ఉద్యోగమునకో పైచదువునకో దూరదేశము వెళ్లియుండవచ్చును. కావున ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి వచ్చిన తరువాత మొదటి సెలవుదినమే విందునకు తగినది. ఫలితములు తెలిసిన దినముననే తొందరపడి పిలుపులు పంపుట మంచిది కాదు. తోడివారిలో ఎవరు తప్పిరో, ఎవరికి పునఃపరిశీలన కావలసియున్నదో తెలియుటకు పదిదినములైనను పట్టును.

మన ప్రాంతమున ఫలితముల కాలము తఱచుగా వేసవి. నడిమధ్యాహ్నపు భోజనము వండువారికిని తినువారికిని కష్టము. సాయంకాలము ఆఱు గంటలకు అతిథులు చేరి, ఏడు గంటలకు భోజనములు మొదలై, తొమ్మిదిన్నరకెల్ల ముగియునట్లు ఏర్పఱచుకొనుట మేలు. వృద్ధులు వేళకు నిద్రింతురు. దూరపువారికి బస్సు దొరకును. మోటారుసైకిళ్లమీద వచ్చిన కుఱ్ఱవాండ్రు అర్ధరాత్రివేళ వీథుల వెంట పోకుందురు.

ఖర్చు

ముందుగా సొమ్మెంతయో నిశ్చయించి, దానికి లోబడి విందు చేయవలెను గాని, విందెంతయో నిశ్చయించి దానికై సొమ్ము వెదకరాదు. ఈ యొక్క సూత్రము తప్పుటచేతనే పెక్కు కుటుంబములు చిక్కులలో పడుచున్నవి.

లెక్క చూడుడు. 50,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీమీద తెచ్చిరనుకొనుడు. నెలకు వడ్డీ 1,000 రూపాయలు, ఏటికి 12,000. అసలు తీర్చలేక నాలుగేండ్లు గడచినచో వడ్డీయే 48,000 అగును. అసలు అట్లేయుండును. నాలుగు గంటల విందునకై నాలుగేండ్ల వడ్డీ! ఆ వడ్డీని చివరకు కట్టవలసినవాడెవడు? ఎవని గౌరవార్థము విందు జరిగెనో ఆ బిడ్డయే. మొదటి జీతము చేతికి రాకమునుపే వాని మెడకు బరువు గట్టి పంపుట ఏపాటి గౌరవము?

కావున తలిదండ్రులు మొదట వేఱొక సొమ్మును ప్రత్యేకించి యుంచవలెను. పట్టము వచ్చిన మఱునాటినుండియే బిడ్డకు ఖర్చులు మొదలగును. దరఖాస్తు రుసుములు, పోటీపరీక్షల పుస్తకములు, ఇంటర్వ్యూలకు ప్రయాణములు, పట్టణమున గది యద్దె, రెండు మంచి దుస్తులు మొదలగువానికి కావలసినది పోగా చేతిలో మిగిలినదే విందునకు వాడుకొనవలెను. మిగిలినది స్వల్పమైనచో ఇరువదిమందికి ఉప్మాయు కాఫీయు నిచ్చినను అది విందే యగును. నగలు కుదువపెట్టి చేసినది విందు కాదు.

ఉన్న సొమ్మును పది భాగములు చేసినయెడల ఆఱు భాగములు వంటకు, ఒక భాగము కుర్చీలకును షామియానాకును, ఒక భాగము విస్తళ్లకును నీళ్లకును పూవులకును, ఒక భాగము రాకపోకలకు వాడవచ్చును. పదవభాగమును కదపక యుంచవలెను. అనుకొనని ఖర్చు వచ్చుట నిశ్చయము. రానిచో ఆ సొమ్ము బిడ్డ ప్రయాణమునకు అక్కఱకు వచ్చును.

పిలుపులు

పేర్ల పట్టికను వ్రాయునపుడు మన వాడుక యేమనగా, బంధువులతో మొదలుపెట్టి, తండ్రి ఉద్యోగపు స్నేహితులతో ముగింతుము. ఈ విందునకు పట్టిక వేఱువిధముగా నుండవలెను. బిడ్డ చదువునకు ఎవరెవరు తోడ్పడిరో వారి పేర్లు మొదట వ్రాయవలెను. అక్షరములు దిద్దించిన ఉపాధ్యాయురాలు, రుసుము కట్టు గడువునాడు చేబదులిచ్చిన పొరుగువారు, పరీక్షల దినములలో రేడియో తగ్గించుకొన్న ఎదురింటివారు, ప్రతిదినము కళాశాలకు చేర్చిన ఆటో నడుపువాడు, పాతపుస్తకముల నిచ్చిన పైతరగతి విద్యార్థి, వీరందఱు పట్టికలో ముందుండవలసినవారు. పిదప దగ్గఱి బంధువులు. ఆ తరువాత స్నేహితులు. సొమ్మెంతమందికి చాలునో అచ్చట గీత గీయవలెను.

వాట్సాప్ ద్వారా పిలుపు పంపుట నేడు తేలిక. దూరపువారికది చాలును. కాని పెద్దలను, గురువులను, పొరుగువారిని బిడ్డయే స్వయముగా వెళ్లి పిలువవలెను. ఆ వెళ్లుటలోనే సగము కృతజ్ఞత తీరును. ఎందఱు వత్తురో నాలుగు దినములు ముందుగా అడిగి తెలిసికొనినచో వంట వృథా కాదు.

పెండ్లిండ్లలో చదివింపులు వ్రాయుట మన యాచారము. ఈ విందులో చదివింపులు వలదు. ఎవరెంత యిచ్చిరో పదిమందియెదుట చదువుట వలన ఇయ్యలేనివారు రాకపోదురు. రాదగినవారిలో పలువురు ఇయ్యలేనివారే. పిలుచునపుడే "కానుకలు తేవలదు, ఆశీర్వదింప రండు" అని చెప్పవలెను. అయినను ఇయ్యగోరినవారు కలమునో పుస్తకమునో యిచ్చిన సంతోషమే.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు అక్కడి యాచారము ననుసరించి, హైస్కూలు ముగిసిన పిల్లలకు వేసవి మొదట ఇండ్లలో విందులు చేయుచుందురు. అందు ఓపెన్ హౌస్ అను పద్ధతి యొకటి కలదు. రెండు గంటలనుండి ఆఱు గంటలవఱకు ఇల్లు తెఱచియుండునని తెలుపుదురు. అతిథులు తమకు వీలైన వేళ వచ్చి, బిడ్డను పలుకరించి, కొంచెము తిని, వెళ్లుదురు. ఒకేసారి అందఱు కూర్చుండుటకు స్థలము అక్కఱలేదు. రెండు గదుల యింటిలో కాపురముండువారికి ఈ పద్ధతి యెంతయు అనుకూలము. పెద్ద హాలు అద్దెకు తీసికొను ఖర్చు తప్పును.

వంట

ఏబదిమందికి ఇంట వండుకొన దలచినవారికి ఈ క్రింది లెక్క పనికివచ్చును. చిన్నపిల్లలిద్దఱను ఒకరిగా లెక్కింపవలెను.

బియ్యము 7 కిలోలు. అనగా తలకు 140 గ్రాములు. ఇందులో రెండున్నర కిలోలు పులిహోరకు తీసి, మిగిలినది తెల్లయన్నమునకు ఉంచవలెను. పులిహోరకు చింతపండు పావుకిలో. కందిపప్పు 2 కిలోలు. మామిడికాయ పప్పునకు కిలోన్నర, సాంబారునకు అరకిలో. ముద్దకూరకు వంకాయలు 5 కిలోలు. వేపుడునకు దొండకాయలైనచో 6 కిలోలు, ఏలయన వేగినకొలది తఱుగును. మాంసము తినువారి యింట కోడికూరకు 9 కిలోలు. అప్పుడు వేపుడు మానుకొనవచ్చును. పెరుగు 6 లీటర్లు. సేమియా పాయసమునకు సేమియా 1 కిలో, పాలు 5 లీటర్లు, పంచదార కిలోంబావు. త్రాగునీరు 60 లీటర్లు, అనగా 20 లీటర్ల డబ్బాలు మూడు. ఆవకాయ వేసవిలో ప్రతి యింటను క్రొత్తది యుండును. దానికి లెక్క అక్కఱలేదు.

వంటకముల సంఖ్య పెంచుట గొప్ప కాదు. ఇరువది రకములు పెట్టినచోట ప్రతి విస్తరిలోను సగము మిగిలిపోవుట మనము చూచుచున్నాము. ఆఱు రకములు రుచిగా, వేడిగా, కొసరి వడ్డించినయెడల తినినవారు తలచుకొందురు.

కూర్చుండుటకు తలకు రెండడుగుల చోటు కావలెను. ఇరువదడుగుల వసారాలో ఒక వరుసకు పదిమంది, ఎదురెదురుగా రెండు వరుసలు వేసినచో ఇరువదిమంది కూర్చుందురు. ఏబదిమందికి మూడు పంక్తులు. ఒక్కొక్క పంక్తికి అరగంటకు పైగా పట్టును. కావున పిల్లలకును వృద్ధులకును మొదటి పంక్తిలో పెట్టి, నేల కూర్చుండలేనివారికి కుర్చీయు బల్లయు నమర్చవలెను.

మఱియొక మాట. తల్లి దినమంతయు పొయ్యియొద్ద నిలిచి, బిడ్డను దీవించు సమయమునకు చెమటతో వంటింట నుండిపోవుట చాల యిండ్లలో జరుగుచున్నది. ఆ పట్టములో ఆమె భాగము తక్కువది కాదు. వంటమనిషిని పెట్టుకొనలేనిచో పనిని పంచుకొనవలెను. కూరగాయలు తఱుగుట, నీళ్లు మోయుట, వడ్డించుట, విస్తళ్లు తీయుట మగపిల్లలు చేయదగిన పనులే. పట్టభద్రుడు తానే వడ్డనకు నిలిచినచో దానివలన వాని పట్టమునకు లోపము రాదు.

వేసవిలో ఆహారము చెడకుండుట

విందు తిని అస్వస్థులైన వార్తలు ప్రతి వేసవిలోను చదువుచున్నాము. దాని కారణము తెలిసికొనినచో నివారణ తేలిక. ఆహారమును చెఱచు సూక్ష్మజీవులు 5 నుండి 60 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య వేగముగా వృద్ధిపొందును. మన వేసవి గాలి యా హద్దుల నడుమనే యుండును. అందుచేత వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట నుంచరాదు. గాలి వేడిమి 32 డిగ్రీలు దాటినపుడు ఒక గంటయే హద్దు.

అన్నము విషయమున ప్రత్యేకముగా జాగ్రత్త వలయును. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములుండవచ్చును. ఉడికించినను ఆ బీజములు చావవు. అన్నము గోరువెచ్చగా చాలసేపు నిలిచినచో అవి మొలకెత్తి యొక విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. వాంతులకు అదియే కారణమగును. కావున ఏబదిమందికి కావలసిన అన్నమును సాయంకాలము నాలుగింటికే యొక్కసారి వార్చి పెట్టక, పంక్తికొక తడవగా వండుట మేలు. పాయసము, పెరుగు, కోడికూర ఇట్టివే. పాయసమును సెగమీదనో మంచుమీదనో యుంచవలెను గాని నడుమ నుంచరాదు. పులిహోర చింతపండు పులుపుచేత కొంచెము ఎక్కువసేపు నిలుచును గనుక మన పెద్దలు ప్రయాణములకు దానిని కట్టెడివారు.

మిగిలినదానిని ఆకలిగొన్నవారికి పంపదలచినచో ఆ రాత్రియే, వేడి యుండగనే పంపవలెను. మఱునాటి యుదయము పంపునది దానము కాదు, రోగము.

అలంకారము, సద్దు

1 జూలై 2022 నుండి మన దేశమంతట కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధింపబడినవి. వానిలో విందులకు వాడునవే యెక్కువ. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు, బుడగల పుల్లలు, అలంకారమునకు వాడు థర్మోకోల్, మిఠాయిపెట్టెలకును ఆహ్వానపత్రికలకును చుట్టు పలుచని పొర, నూఱు మైక్రానులకు తక్కువ మందముగల ప్లాస్టిక్ బ్యానర్లు ఇందు చేరినవి. అరటియాకులు, మోదుగు విస్తళ్లు, మన్యపు గిరిజనులు ఏరి తెచ్చు అడ్డాకు విస్తళ్లు ఉండగా వీనితో మనకేమి పని? ఇంట స్టీలు గ్లాసులు చాలనిచో పొరుగిండ్లనుండి తెచ్చుకొనవచ్చును. తెచ్చినవానిపై దారము కట్టి గుర్తుంచినయెడల తిరిగి యిచ్చునపుడు తగవు రాదు.

ఇంటియెదుట బిడ్డ నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీ కట్టించుట నేటి వేడుక. మూడుదినములలో అది గాలికి చినిగి మురుగుకాలువ చేరును. దానికి బదులు ముందుగదిలో ఒక బల్లవేసి, బిడ్డ మొదటి పలక, ఒకటవ తరగతి పుస్తకము, పాత హాల్ టికెట్టు, తరగతి ఫోటోలు, చివర పట్టము వరుసగా నుంచవలెను. వచ్చినవారు దానిచుట్టు చేరి మాటలాడుకొందురు. ఖర్చు సున్న.

కేకు కోయగోరువారు కోయవచ్చును. కాని వెలుగుచున్న క్రొవ్వొత్తుల యొద్ద నురుగు చిమ్ము డబ్బాలు ఎన్నడును వాడరాదు. అందులోని వాయువు మండెడిది. ముఖముపై నిప్పంటుకొనిన ప్రమాదములు జరిగినవి. గ్యాసు పొయ్యిని షామియానా గుడ్డకు దూరముగా ఆరుబయట నుంచవలెను.

ధ్వనికాలుష్యముపై 2000వ సంవత్సరమున చేసిన నిబంధనల ప్రకారము రాత్రి పది గంటలనుండి ఉదయము ఆఱు గంటలవఱకు లౌడుస్పీకరు వాడరాదు. కాపురముండు వీథులలో పగటివేళ సయితము 55 డెసిబెళ్లు హద్దు. ఇంటిలోని విందునకు మైకు అక్కఱయే లేదు. ప్రక్కయింట పరీక్షకు చదువుకొనువారుండవచ్చునన్న తలంపు, చదువు పేరిట జరుగు విందులో మఱవరాదు.

అరగంట సభ

భోజనములకు ముందు అరగంట సభ జరుపవలెను. అది లేనిచో ఇది వట్టి భోజనమే యగును. ఒక పెద్ద తమ యింటి యాచారము చొప్పున ప్రార్థనతోనో ఆశీర్వచనముతోనో ఆరంభింపవచ్చును. పిదప కుటుంబములోని వృద్ధులలో నొకరు, ఈ యింట మొట్టమొదట సంతకము చేయ నేర్చినవారెవరో, ఎవరు బడి మానుకొని తమ్ముల చదివించిరో చెప్పవలెను. ఈ సంగతులు పిల్లలకు సామాన్యముగా తెలియవు. వృద్ధులు చెప్పకపోయినచో వారితోనే పోవును.

తరువాత పట్టభద్రుడు తాను చదివినదేమో ఐదు నిమిషములలో చెప్పవలెను. రసాయనశాస్త్రము చదివిన యువతి, చింతపండుతో తోమిన రాగిచెంబు ఏల మెఱయునో అమ్మమ్మకు తెలియునట్లు చెప్పవచ్చును. వాణిజ్యశాస్త్రము చదివిన యువకుడు, పైన మేము చెప్పిన వడ్డీలెక్కనే చెప్పవచ్చును. నాలుగేండ్లు చదివినదానిని ఇంటివారికి తెలియు మాటలలో చెప్పగలుగుటయే ఆ చదువునకు మంచి పరీక్ష. చదివినవాడు ఇంటివారికి దూరమగునన్న భయమును కూడ అది పోగొట్టును. చివర తనకు తోడ్పడినవారిని పేరుపేరున పిలిచి, చేసిన మేలు చెప్పి, నమస్కరింపవలెను. పేర్లు కాగితముపై వ్రాసికొనుట మంచిది. ఒక్కరిని మఱచినను నొచ్చుకొందురు.

ఉత్తీర్ణులు కానివారు

విందు చేయు ప్రతి యింటికి నాలుగిండ్ల దూరమున, అదే పరీక్షలో తప్పిన బిడ్డ యొకడుండును. వాని యింట ఆ సాయంకాలము ఎట్లుండునో తలచుకొనుడు. మన యింటి దీపములు వారికి కనబడును. మన నవ్వులు వినబడును. వాని తలిదండ్రులు "వానిని చూడుము, నిన్ను చూడుము" అని యనకుందురా? ఫలితముల దినములలో పిల్లలు నిరాశచెంది ప్రాణములనే తీసికొనిన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను వచ్చుచున్నవి. ఆ పిల్లలు చదువులేనివారు కారు. ఒక సంవత్సరపు మార్కులే తమ విలువయని నమ్మినవారు, ఆ నమ్మకమును మనము పెద్దలమే కలిగించితిమి.

కావున ఈ విందులో మార్కులు చదువరాదు, ర్యాంకులు చెప్పరాదు, ఒకరితో నొకరిని పోల్చరాదు. తప్పిన స్నేహితుని పట్టభద్రుడే రెండుదినములు ముందుగా, ఒంటరిగా కలిసికొని మాటలాడవలెను. రమ్మని పిలువవలెను గాని బలవంతపెట్టరాదు. రానిచో మఱునాడు తానే వెళ్లి కూర్చుండవలెను. తన పుస్తకములును వ్రాతప్రతులును వానికిచ్చి, మరల వ్రాయు పరీక్షకు దరఖాస్తు గడువెప్పుడో కనుగొని చెప్పవలెను. పదవ తరగతికిని ఇంటర్మీడియట్ నకును సప్లిమెంటరీ పరీక్షలు కొలది వారములలోనే జరుగును; గడువులు త్వరగా దాటిపోవును గనుక ఈ సహాయము మిఠాయికంటె విలువైనది. బిడ్డ అన్నము మాని, మాట మాని యుండుట చూచినచో తలిదండ్రులు కోపింపక ప్రక్కన నుండవలెను. టెలి మానస్ అను ప్రభుత్వపు సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబగళ్లు తెలుగులోను మాటలాడుదురు, రుసుము లేదు. ఈ సంఖ్యను విద్యార్థులందఱు పుస్తకపు అట్టలోపల వ్రాసికొనవలెనని మా కోరిక.

మఱునాడు చేయవలసినది

విందు ముగిసిన మఱునాడు మూడు పనులుండును. అరువు తెచ్చిన పాత్రలు, కుర్చీలు లెక్కచూచి యప్పగించుట మొదటిది. ఖర్చులెక్క వ్రాసి, తమ్ముడో చెల్లెలో పట్టము పుచ్చుకొనునాటికి పనికివచ్చునట్లు దాచుట రెండవది. రాలేకపోయిన పెద్దలకును గురువులకును బిడ్డ తన చేవ్రాతతో ఉత్తరము వ్రాయుట మూడవది. ఫోనులో పంపు మాట ఆ దినముననే క్రిందికి జాఱిపోవును. ఉత్తరము పెట్టెలో నుండును. ముదుసలి యుపాధ్యాయులు అట్టి యుత్తరములను ఎంత భద్రముగా దాచుకొందురో మేమెఱుగుదుము.

ఇట్లు చేసిన విందువలన ఇంటికి అప్పు మిగులదు. పొరుగువారికి నొప్పి మిగులదు. వీథికి చెత్త మిగులదు. బిడ్డకు మాత్రము తన చదువు తానొక్కడే చదివినది కాదను జ్ఞానము మిగులును. ఈ సంవత్సరము మా పాఠశాల విడిచిపోవు విద్యార్థులలో పలువురి యిండ్లలో మఱికొన్ని యేండ్లకు ఇట్టి సాయంకాలములు వచ్చునని మేము నమ్ముచున్నాము. వారి తలిదండ్రులు ఆ దినమునకై నేటినుండియే నెలకింత యని కొంచెము కొంచెముగా కూడబెట్టుదురుగాక. విద్యార్థులు మొదట చేయవలసిన పని తమకెల్లరకును తెలిసినదే గనుక దానిని మేము వేఱుగా వ్రాయనక్కఱలేదు.